ఘాట్‌లో పసుపు లైటు వెలిగితే టర్బో పోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కల్వకుర్తి నుంచి కుటుంబంతో శ్రీశైలం వెళ్లారు. తిరుగు ప్రయాణంలో డ్యామ్ దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. పికప్ ఒక్కసారిగా పడిపోయింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 2,500 ఆర్‌పీఎం దాటలేదు. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే బలం తిరిగి వచ్చింది, లైటు మాత్రం ఆరలేదు. చదునైన రోడ్డు మీద ఇంటిదాకా బాగానే వచ్చారు. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 2021 మోడల్, 68 వేల కిలోమీటర్లు, వారంటీ అయిపోయింది. రోజూ పిల్లల బడికి, మార్కెట్టుకు నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడే ఎక్కువ. చూసిన మెకానిక్ టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని పీడనంతో నెట్టే భాగం, పోయిందని, 85 వేలు అవుతుందని చెప్పారు. మార్చాలా, వచ్చే వారం మళ్లీ శ్రీశైలం వెళ్లవచ్చా, డ్యాష్‌బోర్డు మీది మిగతా లైట్ల అర్థమేమిటి అని అడుగుతున్నారు.

ఇప్పుడే టర్బో మార్చకండి. కారణం తేలేదాకా ఘాట్ ఎక్కకండి. మీరు చెప్పిన లక్షణాలకు టర్బో కూడా ఒక కారణం కావచ్చు, కాదనను. కానీ నేను చూసే వరుసలో అది చిట్టచివర వస్తుంది. దానికంటే ముందు గాలి పైపులు, వాటి క్లాంపులు, ఎయిర్ ఫిల్టర్, టర్బోను నడిపే యాక్చువేటర్, దాని సన్నని వ్యాక్యూమ్ గొట్టం, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్, ఇవన్నీ ఉన్నాయి. వీటిలో చాలావరకు టర్బో ధరలో పదో వంతుకు కూడా రావు.

నల్లగొండలో ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. టర్బో మార్చినా అదే లైటు మళ్లీ వెలిగిందని నా దగ్గరకు వచ్చిన బండ్లు ఎన్నో. పాత టర్బో అప్పటికే తుక్కు కొట్టుకు వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి, అది నిజంగా పోయిందో లేదో ఎవరికీ తెలియదు.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. ఇంజిన్ కంప్యూటర్ ఎప్పటికప్పుడు టర్బోను ఇంత పీడనంతో గాలి ఇమ్మని అడుగుతుంది. ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, ఉన్న సెన్సర్ ఎంత వచ్చిందో చెబుతుంది. అడిగినదానికీ వచ్చినదానికీ తేడా కొన్ని సెకన్లపాటు ఎక్కువగా ఉంటే కంప్యూటర్‌కు అనుమానం వస్తుంది. ఇంజిన్‌కు హాని జరగకుండా డీజిల్ తగ్గించి, లైటు వెలిగించి, బండిని కుంటి నడకలో పెడుతుంది. దీన్నే మేం లింప్ మోడ్ అంటాం. తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేస్తే కంప్యూటర్ కొత్తగా లెక్క మొదలుపెడుతుంది, అందుకే బలం తిరిగి వచ్చింది. లైటు ఆరాలంటే సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాల్లో ఆ లోపం కనబడకూడదు. కాబట్టి స్టార్ట్ చేయగానే బాగైందంటే రోగం తగ్గిందని కాదు. టర్బో పూర్తిగా పాడై ఉంటే మాత్రం చదును రోడ్డు మీద కూడా బండి ఈడ్చుకుంటూ రావాలి. మీది ఇంటిదాకా బాగానే వచ్చిందన్నారు కదా, నా అనుమానం పైపుల మీదికి వెళ్లింది అందుకే.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు? చదును రోడ్డు మీద 60లో పోతుంటే టర్బో మీద పెద్దగా పని ఉండదు. ఏడుగురు కూర్చుని, ఏసీ వేసి, రెండో గేరులో ఘాట్ ఎక్కితే పైపుల్లో పీడనం బాగా పెరుగుతుంది. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపులో చిన్న చీలిక ఉంటే, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. పీడనం పెరిగినప్పుడే పెదవి విప్పినట్టు తెరుచుకుంటుంది. షెడ్డులో బోనెట్ ఎత్తి రేస్ చేసి చూస్తే ఏమీ కనబడదు. "పైపులన్నీ బాగున్నాయి, ఇక టర్బోనే" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

దేవరకొండ నుంచి ఒకాయన అచ్చం ఇలాంటి బండితోనే వచ్చారు. వేరేచోట టర్బోకు ఖర్చు రాయించుకుని, అంత డబ్బు పెట్టే ముందు ఇంకొకరికి చూపిద్దామని నా దగ్గర ఆగారు. పైపు పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. కింది వైపు, క్లాంపు కరిచిన చోట, వేలెడంత చీలిక. ఆ చుట్టూ నూనె చెమ్మ, దాని మీద మట్టి అంటుకుని నల్లటి చార. ఆ చార చూశాక, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ అవసరం కూడా పెద్దగా లేకపోయింది. పైపు, రెండు క్లాంపులు మార్చి పంపాను. ఇప్పటికీ అదే టర్బోతో తిరుగుతున్నారు.

మీరే ఇంటి దగ్గర కొంత చూడవచ్చు. ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బోనెట్ ఎత్తి ఆ లావు రబ్బరు పైపుల మీద చేయి పెట్టి కింది వైపు కూడా తడమండి. కొద్దిగా నూనె తేమ ఉండటం మామూలే, ఇంజిన్ ఊపిరి పైపు నుంచి అది వస్తుంది. కారుతున్నట్టు ఉన్నా, ఒకేచోట మట్టి పేరుకున్నా అక్కడ అనుమానించండి. బండి నడిపేటప్పుడు కిటికీ దించి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు 'స్స్‌స్' అని గాలి పోతున్న చప్పుడు వినిపిస్తే, వెనక నల్లపొగ కూడా ఉంటే, దాదాపుగా అదే. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి ఫిల్టర్ కూడా చూడండి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల చుట్టూ తిరిగే బండ్లలో ఊక దుమ్ము ఫిల్టర్ మడతల్లో అట్టకట్టి ఉంటుంది. ఒక మిల్లు యజమాని గాలి కొలిచే సెన్సర్‌ను ఏడాదిలో రెండుసార్లు మార్పించుకున్నారు. అసలు తప్పు చవక ఫిల్టర్‌ది. దాని అంచు పెట్టెలో సరిగా కూర్చోక, దుమ్ము పక్క నుంచి లోపలికి పోయి సెన్సర్ మీద పడుతోంది.

ఇక స్కానర్ గురించి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. ఫోనుతో కలిపి వాడే చిన్న బ్లూటూత్ పరికరం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అది ఇంజిన్ కోడ్‌లు, అంటే కంప్యూటర్ రాసుకున్న లోపాల నంబర్లు, చదువుతుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లను చాలావరకు చదవలేదు. మీకు వచ్చేది పి0299 అని నా ఊహ. దాని అర్థం 'కావలసినంత బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి పీడనం, రావడం లేదు' అని మాత్రమే. టర్బో పోయిందని అందులో ఎక్కడా లేదు. జ్వరం 102 ఉందని థర్మామీటర్ చెబుతుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా, ఇదీ అంతే.

కోడ్ చెరిపేయనివ్వకండి, బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పనివ్వకండి. లోపం పట్టుకున్న క్షణంలో ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, ఇంజిన్ మీద బరువు ఎంత, కూలెంట్ వేడి ఎంత అనేవన్నీ కంప్యూటర్ ఒక ఫొటోలా దాచుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే అదే. నాలాంటివాడికి కోడ్ కంటే అది విలువైనది. 'చెరిపేసి చూద్దాం, మళ్లీ వస్తే అప్పుడు చూద్దాం' అన్నారంటే ఉన్న సాక్ష్యం పోయినట్టే. ముందు ఫోనులో ఫొటో తీసుకోండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక డీజిల్ బండి ఎత్తు మీద ఆగిపోతోందని వచ్చింది. కోడ్ పి0087, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే, రైలు అనే గొట్టంలో పీడనం చాలడం లేదని. స్కానర్ కొని అప్పటికి కొద్ది నెలలే, అది చెప్పిందే వేదం అనుకునేవాణ్ని. హై ప్రెషర్ పంపు మార్పించాను. వారానికే బండి మళ్లీ వచ్చింది. చివరికి తేలిందేమిటంటే ట్యాంకు వైపు డీజిల్ పైపు ఒకచోట లోపలి పొర ఊడి, ఎక్కువ డీజిల్ లాగినప్పుడు అది అడ్డం పడుతోంది. పైపు ముక్కకు అయిన ఖర్చు మూడు వందలు. పంపు డబ్బు నేనే వాయిదాల మీద తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి, కొలిచి చూడకుండా పెద్ద పార్టు విప్పను.

మీ విషయంలో ఇంకో సంగతి నన్ను ఆలోచింపజేస్తోంది. రోజూ నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడు అన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చింది కాబట్టి మీ బండి సైలెన్సర్ వరుసలో డీపీఎఫ్ ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటిది అది. నిండినప్పుడు ఇంజిన్ కొంచెం అదనపు డీజిల్ పంపి, జల్లెడను దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. ఈ పని పూర్తి కావాలంటే బండి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి. బడి దగ్గర ఒకసారి, మార్కెట్టు దగ్గర ఒకసారి కట్టేస్తుంటే ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోతుంది. కట్టేశాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, ఐడిల్ కొంచెం ఎక్కువగా ఉండటం, వేడి వాసన రావడం మీరు గమనించి ఉంటే, కాల్చే పనిని మీరు సగంలో ఆపారన్నమాట. జల్లెడ మూసుకుపోతే పొగకు దారి ఉండదు, టర్బో సరిగా తిరగదు, లక్షణాలు అచ్చం మీరు చెప్పినట్టే ఉంటాయి.

డీపీఎఫ్ లైటు ఒక్కటే నిలకడగా వెలిగితే మందు తేలిక. హైదరాబాద్ రోడ్డో, జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారో ఎక్కి, ఒక గేరు తక్కువలో, 2,000 ఆర్‌పీఎంకు పైన ఉంచుతూ, 60-80 వేగంతో ఇరవై నిమిషాలు నడపండి. దానితోపాటు ఇంజిన్ లైటు కూడా వెలిగితే ఈ పని చేయకండి. అప్పుడు స్కానర్‌తో మసి ఎంత ఉందో చూశాకే షెడ్డులో కాల్పించాలి.

దీనికి సంబంధించి ఎక్కువమంది గమనించనిది ఒకటుంది. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరగడం కూడా జబ్బే. కాల్చే పని మాటిమాటికీ సగంలో ఆగితే, అందుకు పంపిన అదనపు డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. గరిష్ఠ గీతకు పైన ఉన్నా, డీజిల్ వాసన వచ్చినా వెంటనే ఆయిల్ మార్పించండి. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు, నిజంగా టర్బోను చంపేది అదే. పోసేది డీపీఎఫ్ బండ్లకు తగిన, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ అయి ఉండాలి. మీ హ్యాండ్‌బుక్‌లో ఏ గ్రేడు రాసి ఉందో డబ్బా మీద అదే చూసుకోండి. డీపీఎఫ్ పీకేసి ఖాళీ పైపు పెడతామని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. అది చట్టవిరుద్ధం, ఆ పని నేను చేయను, మీరూ చేయించకండి.

నిజంగా టర్బో పోతే ఎలా ఉంటుంది? సైలెన్సర్ నుంచి నీలిపొగ, ఆయిల్ తరగడం, వేగం పెరిగే కొద్దీ సైరన్ లాంటి కూత, ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల నూనె మడుగు కట్టి ఉండటం. వీటిలో ఒక్కటి కూడా మీరు రాయలేదు. మీ మెకానిక్‌ను గౌరవంగానే ఈ మాటలు అడగండి: "ఇన్‌టేక్ పైపు విప్పి టర్బో షాఫ్ట్‌ను ఊపి చూశారా? నాకూ చూపించగలరా?" ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్ట్ అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు. ముందుకూ వెనక్కూ కదలకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉంటే మాత్రం టర్బో పోయినట్టే, అప్పుడు నేనూ వాదించను. అయినా అది ఎందుకు పోయిందో తేలాలి. ఆయిల్ అందకపోవడం వల్ల పోయి ఉంటే, టర్బోకు ఆయిల్ తెచ్చే గొట్టం శుభ్రం చేయకుండా కొత్తది బిగిస్తే అదీ కొన్నాళ్లకే పోతుంది.

మిగతా లైట్ల గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పసుపు అంటే త్వరగా చూపించుకోమని, ఎరుపు అంటే ఇప్పుడే ఆపమని. ప్రమిదలా కనిపించే ఎర్రటి ఆయిల్ గుర్తు నడుస్తుండగా వెలిగితే 'ఆ మలుపు దాటాక ఆపుదాం' అనుకోకండి. ఆయిల్ పీడనం లేకుండా ఇంజిన్ నిమిషం కూడా తట్టుకోకపోవచ్చు. ఎరుపు బ్యాటరీ గుర్తు చాలాసార్లు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటర్‌ది లేదా బెల్టుది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే ఇంచుమించు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. కొన్ని బండ్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది కాబట్టి బ్యాటరీ గుర్తు వెలగగానే వేడి ముల్లు మీద కూడా ఓ కన్ను వేయండి.

వేడి గుర్తు మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఇది మన చేతులారా తెచ్చుకునే జబ్బు. మర్రిగూడ వైపు కుటుంబం ఒకటి యాదగిరిగుట్టకు పోతూ చిట్యాల దగ్గర ఆగిపోయింది. రెండేళ్లుగా కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశారు. రేడియేటర్ విప్పితే లోపల గొట్టాల నిండా సున్నం గడ్డకట్టింది. మన నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌ను పూడ్చేది నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపండి, బండి ఆపండి. కనీసం ముప్పావు గంట రేడియేటర్ మూత ముట్టుకోకండి. మూత బిగించి ఉన్నంతసేపు పీడనం వల్ల లోపలి నీరు మరగకుండా ఉంటుంది. తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కాలిన చేతులతో వచ్చిన వాళ్లను చూశాను.

ఇక ఏబీఎస్, ట్రాక్షన్, ఇంజిన్, స్టీరింగ్ లైట్లన్నీ ఒకేసారి దీపావళిలా వెలిగితే భయపడకండి. నాలుగు భాగాలు ఒకే రోజు పాడవడం చాలా అరుదు. వోల్టేజి తక్కువైందా, ఏదైనా ఒక వైరు తెగిందా అని చూడాలి. వరి కోతలు అయ్యాక నా దగ్గరకు ఇలాంటివి వరుస కడతాయి. తిప్పర్తి నుంచి వచ్చిన ఒక బండిని వడ్ల కుప్ప పక్కనే వారం నిలిపారు. ఎలుక చక్రం దగ్గరి వేగ సెన్సర్ వైరు కొరికేసింది. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లున్నాయని చెప్పే గుర్తు వెలిగితే ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి నీళ్లు దించేయాలి, వాయిదా వేస్తే ఇంజెక్టర్లు పోతాయి. పెట్రోల్ బండిలో ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే అది మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండటం లేదు. ప్లగ్గో కాయిలో చూపించాలి, అలాగే నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది.

మళ్లీ మీ ప్రయాణం దగ్గరకు వస్తాను. మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, రాత్రి 9 తర్వాత అడవి దారిలో వాహనాలను వదలరు. అక్కడ పిల్లలతో ఆగిపోవద్దు. ఈ వారంలో పైపులు, ఫిల్టర్, యాక్చువేటర్, డీపీఎఫ్‌లో మసి ఎంత, ఆయిల్ మట్టం ఎంత, ఈ వరుసలో చూపించండి. రిపేరు అయ్యాక మొదటి పరీక్షకు మీరూ మెకానికూ ఇద్దరే వెళ్లండి. స్కానర్ తగిలించి, దగ్గర్లో ఎత్తున్న రోడ్డు మీద మూడో గేరులో గట్టిగా తొక్కి చూడండి. స్కానర్ తెర మీద అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండు గీతలూ పక్కపక్కనే నడిస్తే, శ్రీశైలానికి పిల్లలను ఎక్కించుకోండి. అడిగిన గీత పైకి లేచి, వచ్చిన గీత వెనకబడితే మెకానిక్‌తో పైపుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టించండి, ఆ వారానికి బస్సు టికెట్లు కొనుక్కోండి.